హైదరాబాద్ ఎఫ్‌సీ 2024–25: ఈసారైనా నాలుగు మ్యాచ్‌లు గెలుస్తామా?

పసుపు_నలుపు · 10 సెప్టెంబర్ 2024, ఉదయం 8:12

నిన్న రాత్రి గచ్చిబౌలి నుంచి ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. ఇండియా 0, సిరియా 3. ఆ స్కోరు గురించి మాట్లాడటానికి కాదు ఈ థ్రెడ్. మ్యాచ్ మధ్యలో నేను చూసింది బంతిని కాదు, టచ్‌లైన్ దగ్గర ఇండియా కోచ్‌గా నిలబడ్డ మన పాత కోచ్ మనోలో మార్కెజ్‌ని. అదే గ్రౌండ్, అదే మనిషి, ఒంటి మీద మాత్రం మన రంగు లేదు. మన కోచ్‌గా ఆయన ఈ గ్రౌండ్‌లో హోం మ్యాచ్‌లు ఆడించింది 2022–23 ఒక్క సీజనే, ఎందుకంటే ముందు రెండేళ్ళూ కోవిడ్ వల్ల ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొత్తం గోవాలోనే నడిచింది. మనం కప్పు కొట్టిన ఏడాది మన ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

సరే, అసలు విషయం. 13న లీగ్ మొదలు. 19న మన మొదటి మ్యాచ్, బెంగళూరులో. పోయినసారి లెక్క అందరికీ గుర్తుండే ఉంటుంది, అయినా రాస్తా: 22 మ్యాచ్‌లు, 1 గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు, 8 పాయింట్లు. వేసిన గోల్స్ 10, తిన్నవి 43. ఈసారి 13 టీమ్‌లు, 24 మ్యాచ్‌లు.

నా అంచనా నాలుగు గెలుపులు. మీ మీ నంబర్లు చెప్పండి. తిట్టుకోవడాలు వద్దు.

బెజవాడ_బ్యాక్ · 10 సెప్టెంబర్, ఉదయం 8:40

రెండు. అదీ దయ తలిచి.

(సింగ్ నగర్‌లో మా ఇంట్లోంచి బుడమేరు నీళ్ళు మొన్ననే దిగాయి. గోడ మీద నడుము ఎత్తున బురద గీత ఉంది. జెర్సీ అలమారా కింద అరలో ఉండిపోయింది. మూడుసార్లు ఉతికినా పసుపు రంగు గోధుమ రంగులోనే ఉంది. ఎవరి దగ్గరైనా ఎక్స్‌ట్రా ఉంటే చెప్పండి, సైజు ఎల్.)

కంచరపాలెం_కీపర్ · 10 సెప్టెంబర్, ఉదయం 9:05

బెజవాడ అన్నా, జాగ్రత్త. ఇంట్లో అందరూ క్షేమమేనా? జెర్సీ సంగతి తర్వాత చూద్దాం.

టీమ్ విషయానికొస్తే, గెలుపులు లెక్కపెట్టడం నాకు నవ్వొస్తోంది. మొన్న ఆగస్టు దాకా లీగ్‌లో ఉంటామో లేదో తెలియని పరిస్థితి. కొత్త ఆటగాళ్ళని తీసుకునే విండో మూసే రోజు దగ్గర పడేదాకా కుర్రాళ్ళ జాబితా ఏమిటో అంతుపట్టలేదు. ప్రీ సీజన్ లేదు, ప్రాక్టీసు లేదు. మిగతా టీమ్‌లు రెండు నెలల ముందే క్యాంపు పెట్టుకున్నాయి. పరీక్ష హాల్లోకి వెళ్ళాక పుస్తకం తెరిచేవాడిని ఎన్ని మార్కులు వస్తాయని అడుగుతున్నారు మీరు.

పసుపు_నలుపు · 10 సెప్టెంబర్, ఉదయం 9:18

నువ్వు నంబర్ చెప్పలేదు.

కంచరపాలెం_కీపర్ · 10 సెప్టెంబర్, ఉదయం 9:20

ఒకటి. పోయినసారి లాగే. సంప్రదాయం తప్పకూడదు కదా.

వరంగల్_వింగర్ · 10 సెప్టెంబర్, ఉదయం 11:32

నంబర్లు పక్కన పెట్టండన్నా. అసలు జబ్బు గురించి ఎవరూ మాట్లాడరేం? 2022–23లో 42 పాయింట్లతో లీగ్‌లో రెండో స్థానం. ఆ తర్వాత సీజన్‌లో 8 పాయింట్లతో ఆఖరు. ఒక్క ఏడాదిలో ఆట మరిచిపోతారా ఎవరైనా? జీతాలు రాలేదు. ఫిఫా దాకా ఫిర్యాదులు పోయాయి, కొత్తవాళ్ళని తీసుకోకుండా నిషేధం పడింది. సీజన్ సగంలో విదేశీయులు ఒక్కొక్కరే సర్దుకున్నారు, జోవా విక్టర్ ఒక్కడు మిగిలాడు. మనవాళ్ళు కూడా జనవరిలో వరసపెట్టి వెళ్ళిపోయారు. యాసిర్ గోవాకి, చింగ్లెన్‌సానా, పూజారి బెంగళూరుకి.

అంటే 19న మనకి ఎదురుగా నిలబడే డిఫెన్స్‌లో మనవాళ్ళే ఇద్దరు ఉండొచ్చు. మనింటి తాళం మనకే వేస్తారు.

డల్లాస్_డిఫెండర్ · 10 సెప్టెంబర్, రాత్రి 7:55

ఇక్కడ ఇంకా ఉదయమే. మన రాత్రి ఏడున్నర మ్యాచ్ నాకు పొద్దున తొమ్మిదికి వస్తుంది. ఆఫీసు స్టాండప్ మీటింగ్ అదే టైమ్. పోయిన సీజన్ అంతా కెమెరా ఆఫ్ చేసి, ఫోన్లో మ్యాచ్ పెట్టుకుని "నథింగ్ టు అప్‌డేట్" అని చెప్పాను. మా టీమ్ గురించి చెప్పినట్టే ఉండేది.

వరంగల్ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ అక్కడే ఆగిపోతే ఎలా? యాజమాన్యం చేతులు మారుతోందని వార్తలు వస్తున్నాయి, జిందాల్ పేరు వినిపిస్తోంది. డబ్బు సమస్య తీరితే సగం రోగం పోయినట్టే. మన కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో మనోలో దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసిన మనిషి, టీమ్ గురించి ఆయనకి తెలియనిది లేదు. చేతిలో ఏమీ లేనప్పుడు పిల్లల్ని పెట్టుకుని సీజన్ పూర్తి చేశాడు. నా నంబర్ ఆరు.

వరంగల్_వింగర్ · 10 సెప్టెంబర్, రాత్రి 8:10

ఆరా? అన్నా, అక్కడ చలి ఎక్కువైందా?

డల్లాస్_డిఫెండర్ · 10 సెప్టెంబర్, రాత్రి 8:14

సెప్టెంబర్‌లో డల్లాస్‌లో చలేంటి తమ్ముడూ, మన రామగుండం లెక్కనే ఉంది.

కొచ్చిలో_తెలుగోడు · 10 సెప్టెంబర్, రాత్రి 9:47

పిలవని పేరంటానికి వచ్చాను, క్షమించాలి. ఉద్యోగం కొచ్చిలో, అభిమానం కేరళ బ్లాస్టర్స్. 2022 మార్చి 20న మన రెండు టీమ్‌ల ఫైనల్‌కి గోవా ఫటోర్డాలో ఉన్నాను. స్టాండ్స్ నిండా మా పసుపే. కానీ లీగ్‌లో మీరు మా కంటే పైన ఉన్నారని పసుపు జెర్సీ మీకిచ్చి, మావాళ్ళని నలుపులో ఆడించారు. రాహుల్ గోల్ వేశాక ఇక కప్పు మాదే అనుకున్నాం. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన ఆ షాట్ ఇప్పటికీ కల్లోకి వస్తుంది.

అంత టీమ్ ఇలా అయిపోవడం చూస్తే, శత్రువులమైనా, మాకే బాధగా ఉంది.

మెహదీపట్నం_మిడ్‌ఫీల్డ్ · 10 సెప్టెంబర్, రాత్రి 10:20

భాయ్, బాధ పడకు. పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపాడు, అది కల్లో రావట్లేదా? నిషు కుమార్‌ది ఒకసారి ఆపితే రిఫరీ మళ్ళీ కొట్టమన్నాడు. మళ్ళీ ఆపాడు! మా ఇంట్లో అమ్మీ జానమాజ్ మీద కూర్చుని ఉంది, నా అరుపుకి పక్కింటోళ్ళు తలుపు కొట్టారు.

నా నంబర్ ఐదు. డప్పు నాదే కాబట్టి నేను తక్కువ చెప్పకూడదు.

కొచ్చిలో_తెలుగోడు · 10 సెప్టెంబర్, రాత్రి 10:24

గుర్తు చేసినందుకు థాంక్స్ భాయ్. ఇక నిద్రపోను.

నార్త్‌స్టాండ్_లక్ష్మి · 11 సెప్టెంబర్, ఉదయం 6:50

నేను పోయిన సీజన్‌లో తొమ్మిది హోం మ్యాచ్‌లకి వెళ్ళాను, మా అమ్మాయితో. దానికి ఎనిమిదేళ్ళు. మొదట్లో మా వరసలో పది పన్నెండు మంది ఉండేవారు. ఫిబ్రవరికి మేమిద్దరం, వెనక ఒక కాలేజీ కుర్రాడు, అంతే. జనం లేకపోతే గ్రౌండ్‌లో ఎన్ని వినపడతాయో తెలుసా? గోల్‌కీపర్ డిఫెండర్ల మీద అరిచే అరుపు, బంతి పోల్‌కి తగిలిన చప్పుడు, సబ్‌స్టిట్యూట్ బెంచీ మీద ఎవరో తుమ్మితే అదీ. అది అథ్లెటిక్స్ స్టేడియం కదా, స్టాండ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య రన్నింగ్ ట్రాక్. మా అమ్మాయి మొదటిరోజే అడిగింది, "అమ్మా, వీళ్ళు ఇంత దూరంగా ఎందుకు ఆడుతున్నారు, మన మీద కోపమా?" అని.

మార్చిలో చెన్నైయిన్ మీద ఆ ఒక్కటి గెలిచినప్పుడు ఇంట్లో సేమ్యా పాయసం చేశాను. మావారు దేనికని అడిగితే పండగ అన్నాను. ఏ పండగ అని అడిగే ధైర్యం చేయలేదు.

కుర్రాళ్ళు ఆడలేక ఓడిపోలేదు. అరవై నిమిషాలు నిలబడేవారు. ఆ తర్వాత బెంచీ మీద చూస్తే దింపడానికి ఎవరూ లేరు. డెబ్బైయ్యో నిమిషం తర్వాత కాళ్ళు లాగేస్తుంటే కనిపించేది. అలెక్స్ సజి, అబ్దుల్ రబీ లాంటి పిల్లలు ఒకే సీజన్‌లో మూడేళ్ళ ఆట ఆడేశారు. ఆ అనుభవం ఊరికే పోదని నా నమ్మకం. నాలుగు.

రిఫరీ_రిటైర్డ్ · 11 సెప్టెంబర్, ఉదయం 7:31

లక్ష్మిగారూ, చాలా బాగా చెప్పారు. ఆఖరి ఇరవై నిమిషాల్లో ఓడిపోవడం అనేది ఆటగాడి తప్పు కాదు, ప్రాక్టీసు లోపం. నేను జిల్లా లీగుల్లో ఇరవై ఏళ్ళు విజిల్ ఊదాను. జీతం రాని టీమ్‌కీ, తిండి సరిగా లేని టీమ్‌కీ డెబ్బైయ్యో నిమిషంలో తేడా తెలుస్తుంది. ముందు కాళ్ళు కాదు, నోరు ఆగిపోతుంది. ఒకరినొకరు పిలుచుకోవడం మానేస్తారు. పోయిన సీజన్ చివర్లో సరిగ్గా అదే చూశాను.

ఈసారి గ్రౌండ్‌లో మాట వినపడితే చాలు, గెలుపులు వాటంతట అవే వస్తాయి. లెనీ రోడ్రిగ్స్‌ని తీసుకోవడం అందుకే మంచి పని అంటాను. వయసు 37 అని అందరూ నవ్వుతున్నారు. నవ్వండి. మధ్యలో నిలబడి పక్కవాడికి ఎటు తిరగాలో చెప్పే మనిషి ఒకడు కావాలి.

మూడు.

సబ్‌స్టిట్యూట్_సత్తి · 11 సెప్టెంబర్, ఉదయం 10:02

కొత్తగా చేరాను. ఒక డౌట్. కింద ఉన్నవాళ్ళు రెండో డివిజన్‌కి పోతారు కదా? మరి పోయినసారి ఆఖరున వచ్చిన మనం ఎలా ఉన్నాం?

కంచరపాలెం_కీపర్ · 11 సెప్టెంబర్, ఉదయం 10:15

ఐఎస్‌ఎల్‌లో ఇంకా కిందికి పంపడం మొదలవలేదు సత్తిగారూ. పైకి రావడం మాత్రం ఉంది. కింది డివిజన్ ఐ-లీగ్ గెలిచినవాళ్ళు వస్తారు. పోయినేడు పంజాబ్, ఈ ఏడాది మొహమ్మడన్ అలా వచ్చినవే.

ఆ రెండుసార్లూ ఐ-లీగ్‌లో రెండో స్థానం ఎవరిదో తెలుసా? శ్రీనిధి దక్కన్. మన పక్కన మొయినాబాద్ వైపు సొంత గ్రౌండ్ కట్టుకుని, గడ్డి మొలిపించుకుని, చప్పుడు లేకుండా ఆడుకుంటున్నారు. అసలైతే ఆ టీమ్ విశాఖ పేరుతో లీగ్‌లోకి వచ్చింది, మాకు వచ్చే టీమ్ కూడా మీరే లాక్కున్నారు. ఆ మాట వేరే థ్రెడ్‌లో తేల్చుకుందాం.

మెహదీపట్నం_మిడ్‌ఫీల్డ్ · 11 సెప్టెంబర్, ఉదయం 10:31

వచ్చిందిరా వైజాగ్ ఏడుపు. సముద్రం ఉంది కదా, అది చాలదా?

కంచరపాలెం_కీపర్ · 11 సెప్టెంబర్, ఉదయం 10:33

సముద్రానికి గోల్‌పోస్టులు లేవు భాయ్.

వరంగల్_వింగర్ · 11 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:10

శ్రీనిధి మాట వచ్చింది కాబట్టి సూటిగా అడుగుతా. ఎందుకు మనం ఆ టీమ్‌ని పట్టుకోకూడదు? మూడు నెలలకోసారి మునిగే పడవలో కూర్చుని నీళ్ళు తోడటం ఎందుకు? నాకైతే ఓపిక అయిపోయింది. పోయిన సీజన్ ముందు జెర్సీ కోసం ఆన్‌లైన్‌లో డబ్బు కట్టాను. జెర్సీ రాలేదు, డబ్బూ రాలేదు. ఎవరు అమ్మారో పేరు చెప్పి ఇక్కడ గొడవ పెట్టను. కానీ ఓడిపోయే టీమ్‌కి డబ్బు కట్టి, బట్ట కూడా రాకపోతే ఎంత మంట ఉంటుందో చెప్పండి.

నార్త్‌స్టాండ్_లక్ష్మి · 11 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:42

వెళ్ళు తమ్ముడూ, ఎవరూ ఆపరు. శ్రీనిధి మ్యాచ్‌లకి నేనూ వెళ్తాను, అక్కడ గ్రౌండ్‌కి దగ్గరగా కూర్చోవచ్చు. రెండూ మన ఊరివే. ఒకటి చూస్తే రెండోది వదిలేయాలని ఎవరు చెప్పారు?

రిఫరీ_రిటైర్డ్ · 11 సెప్టెంబర్, సాయంత్రం 4:25

వరంగల్ బాబూ, "మన ఊరి టీమ్" అంటే ఏమిటో నేను ఒకటి చెప్తాను, విసుగనిపిస్తే దాటేసి వెళ్ళండి.

మా నాన్న ఫతే మైదాన్‌లో సిటీ పోలీస్ ఆట చూసిన మనిషి. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు కొట్టిన టీమ్ అది. బొంబాయి వెళ్ళి, ఐదేళ్ళు, ఇంకెవరికీ దక్కనివ్వలేదు. ఆ టీమ్ వెనక ఉన్నది సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. ఈ ఏప్రిల్‌లో ఆయన మీద హిందీ సినిమా వచ్చేదాకా మన ఊళ్ళోనే సగం మందికి ఆయన పేరు తెలియదు. 56 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానం, 62 జకార్తాలో ఆసియా క్రీడల బంగారం, రెండూ ఆయన చేతి మీదే. రహీం సాబ్ కుర్రాళ్ళకి డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు పెట్టేవాడని, చేతకాని కాలితోనే బంతి కొట్టించేవాడని నాన్న చెప్పేవాడు. మా ఇంటి వరండాలో నాకూ అలాగే నేర్పాడు. ఎడమ కాలితో కొట్టి కొట్టి నేను పగలగొట్టిన కుండీలకి లెక్కలేదు.

తులసీదాస్ బలరాం మన అమ్ముగూడ కుర్రాడు. రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ వేశాడు. ఆట కోసం కలకత్తా వెళ్ళి అక్కడే ఉండిపోయాడు, పోయినేడు ఫిబ్రవరిలో అక్కడే పోయాడు. ఇక్కడ ఆయన పేరుతో నాకు తెలిసి ఒక వీధి బోర్డు కూడా కనపడలేదు.

సిటీ పోలీస్ ఇలా ఒక్కరోజులో పోలేదు. ముందు మంచి ఆటగాళ్ళు వెళ్ళారు, తర్వాత మైదానాలు వెళ్ళాయి, ఆఖరున చూసేవాళ్ళు వెళ్ళారు. మూడోది మన చేతిలో ఉంది కాబట్టి రాస్తున్నాను.

డల్లాస్_డిఫెండర్ · 11 సెప్టెంబర్, సాయంత్రం 6:40

సార్, ఆఫీసులో కూర్చుని చదివాను. రెండుసార్లు.

బెజవాడ_బ్యాక్ · 11 సెప్టెంబర్, రాత్రి 8:03

సార్ చెప్పింది బాగుంది, కానీ నా భయం వేరే. చూసేవాళ్ళు ఉన్నా టీమ్ వెళ్ళిపోవచ్చు. మనం ఎలా పుట్టామో మరిచిపోయారా? 2019లో పుణె సిటీ టీమ్ మూతపడితే ఆ స్థానంలోనే మనం వచ్చాం. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ పెట్టె సర్దుకుని భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. పుణెలో కూడా స్టాండ్‌లో ఎవడో ఒకడు డప్పు కొట్టే ఉంటాడు కదా. వాడిని ఎవరైనా అడిగారా?

కొత్తవాళ్ళు డబ్బు తెస్తున్నారంటే అందరూ సంబరపడుతున్నారు. డబ్బు తెచ్చేవాడు ఖాళీ స్టాండ్స్ చూసి ఊరు మారుద్దాం అనడని ఏంటి గ్యారంటీ?

మెహదీపట్నం_మిడ్‌ఫీల్డ్ · 11 సెప్టెంబర్, రాత్రి 8:20

అన్నా, రాత్రి పూట ఇలాంటి మాటలు అనకు.

వరంగల్_వింగర్ · 11 సెప్టెంబర్, రాత్రి 8:26

ఇప్పుడు నా మాట అర్థమైందా? కట్టుకున్న ఇల్లు కాదు, అద్దె ఇల్లు. ఓనర్ ఎప్పుడు ఖాళీ చేయమంటే అప్పుడే.

పసుపు_నలుపు · 11 సెప్టెంబర్, రాత్రి 9:11

అద్దె ఇంట్లో కూడా ముగ్గు వేస్తాం కదా వరంగల్.

నేను మొదటి సీజన్ నుంచి ఉన్నాను. మొట్టమొదటి మ్యాచ్ కోల్‌కతాలో 0–5. వారం తర్వాత గచ్చిబౌలిలో మొదటి హోం మ్యాచ్, కేరళ మీద 2–1. (కొచ్చి మిత్రమా, సారీ.) ఆ రాత్రి రాయదుర్గం దాకా నడుచుకుంటూ వచ్చాం. ఆ సీజన్ మొత్తం గెలిచింది ఇంకొక్కటే, ఆఖరి మ్యాచ్‌లో నార్త్‌ఈస్ట్ మీద 5–1. పది పాయింట్లతో చిట్టచివర. అప్పుడు కూడా ఇదే మాట, ఈ టీమ్ బాగుపడదని. తర్వాత ఏమైంది? మనోలో వచ్చాడు, లిస్టన్, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి పిల్లలకి ఛాన్స్ ఇచ్చాడు, రెండేళ్ళకి కప్పు.

కంచరపాలెం_కీపర్ · 11 సెప్టెంబర్, రాత్రి 9:30

ఆ ముగ్గురూ ఇప్పుడు ఎక్కడున్నారో కూడా చెప్పు. లిస్టన్, ఆశిష్ మోహన్ బగాన్‌లో. ఆకాశ్ ముంబయిలో. మనం మొలకలేసే నారుమడి లాంటివాళ్ళం. నాట్లు మాత్రం వేరేవాళ్ళ పొలంలో.

పైగా అప్పుడు ఒగ్బెచె ఉన్నాడు. కప్పు సీజన్‌లో 18 గోల్స్. పోయిన సీజన్‌లో మన టీమ్ మొత్తం కలిపి 10. గోల్ కొట్టేవాడు లేకుండా పిల్లలకి ఎన్ని ఛాన్సులిచ్చినా ఏం లాభం?

పసుపు_నలుపు · 11 సెప్టెంబర్, రాత్రి 9:37

అది ఒప్పుకుంటా. దానికి నా దగ్గర జవాబు లేదు.

మోడరేటర్ · 12 సెప్టెంబర్, ఉదయం 9:00

రాత్రి పదకొండు తర్వాత వచ్చిన ఆరు పోస్టులు తీసేశాను. గోవా ఫ్యాన్స్ తల్లిదండ్రుల ప్రస్తావన ఈ వేదికలో అనవసరం. నంబర్లు ఇప్పటిదాకా: 4, 2, 1, 6, 5, 4, 3. వరంగల్ ఇంకా చెప్పలేదు.

వరంగల్_వింగర్ · 12 సెప్టెంబర్, ఉదయం 9:45

సున్నా రాసుకో.

సబ్‌స్టిట్యూట్_సత్తి · 15 సెప్టెంబర్, ఉదయం 11:20

కొత్త విదేశీ ఆటగాళ్ళ వీడియోలు ఎవరైనా చూశారా? సై గొడ్డార్డ్ టోటెన్‌హామ్ అకాడమీలో పెరిగాడట. ఆండ్రీ ఆల్బా, సపిచ్, పాలిస్టా... యూట్యూబ్‌లో అందరూ మెస్సీలాగే ఉన్నారు.

రిఫరీ_రిటైర్డ్ · 15 సెప్టెంబర్, మధ్యాహ్నం 12:05

పెళ్ళిచూపుల ఫోటో లాంటివి ఆ వీడియోలు. గ్రౌండ్ మీద నలుగురికి మించి విదేశీయులు ఉండకూడదు. మిగతా ఏడుగురూ ఇక్కడివాళ్ళే. పోటీ తేలేది వాళ్ళ దగ్గరే. విదేశీయుల మీద ఎవరైనా ఖర్చు పెట్టగలరు. మంచి ఇండియన్ లెఫ్ట్ బ్యాక్ దొరకడం మంచి వంటమనిషి దొరికినంత కష్టం.

మెహదీపట్నం_మిడ్‌ఫీల్డ్ · 17 సెప్టెంబర్, రాత్రి 11:40

నిమజ్జనం ట్రాఫిక్‌లో ఇరుక్కుని రాస్తున్నా. బ్యాడ్ న్యూస్. మా గల్లీ పిల్లలు గణేశ్ ఊరేగింపుకి డప్పు అడిగితే ఇచ్చాను. ట్యాంక్‌బండ్ చేరకముందే తోలు చిరిగింది. 19కి బెంగళూరు ఎవరైనా వెళ్తుంటే చప్పట్లే గతి.

పసుపు_నలుపు · 17 సెప్టెంబర్, రాత్రి 11:52

నేను వెళ్తున్నా. కాచిగూడలో పొద్దున ఐదున్నర వందే భారత్. ఒక్కడినే. లీవ్ లెటర్‌లో "కుటుంబ కార్యక్రమం" అని రాశా.

వరంగల్_వింగర్ · 18 సెప్టెంబర్, ఉదయం 7:15

టికెట్ ఇంకా దొరుకుతుందా అన్నా? ఊరికే అడుగుతున్నా.

డల్లాస్_డిఫెండర్ · 19 సెప్టెంబర్, రాత్రి 7:38

మీటింగ్ మొదలైంది. మ్యాచ్ మొదలైంది. ఐదో నిమిషం, బెంగళూరు భేకే గోల్. నథింగ్ టు అప్‌డేట్.

కంచరపాలెం_కీపర్ · 19 సెప్టెంబర్, రాత్రి 9:05

ఎనభయ్యో నిమిషం. ఇంకా 0–1. ఇది పోయినసారి టీమ్ కాదు. ఒప్పుకుంటున్నా, కొంచెం. లక్ష్మిగారూ, కాళ్ళు లాగట్లేదు చూడండి.

కంచరపాలెం_కీపర్ · 19 సెప్టెంబర్, రాత్రి 9:29

నేను నోరు తెరవకుండా ఉండాల్సింది. పెనాల్టీ, ఛేత్రి. ఇంజురీ టైమ్‌లో మళ్ళీ ఛేత్రి. 0–3.

పసుపు_నలుపు · 20 సెప్టెంబర్, రాత్రి 1:14

మెజెస్టిక్‌లో బస్సు కోసం ఎదురుచూస్తూ రాస్తున్నా. పక్కన వరంగల్ ఉన్నాడు. అవును, వచ్చాడు. బురద జెర్సీ పోయిన బెజవాడ కోసం తెచ్చిన ఎక్స్‌ట్రా జెర్సీ తనే వేసుకున్నాడు, తిరిగి ఇవ్వనంటున్నాడు.

కంఠీరవ కూడా అథ్లెటిక్స్ స్టేడియమే, ఆటగాళ్ళు అంతే దూరం. అటు బెంగళూరు ఫ్యాన్స్, వెస్ట్ బ్లాక్ వాళ్ళు, తొంభై నిమిషాలూ ఆపకుండా పాడుతూనే ఉన్నారు. మావైపు పసుపు రంగులో లెక్కపెట్టా, పదకొండు మంది. అందులో ఇద్దరు పొరపాటున వచ్చిన మొబైల్ కంపెనీ యూనిఫాం కుర్రాళ్ళు.

0–3 అంటే స్కోరు ఘోరంగా కనిపిస్తుంది. ఎనభై అయిదో నిమిషం దాకా మ్యాచ్ మన చేతుల్లోంచి పోలేదు. రిఫరీ సార్ చెప్పిన మాట గుర్తుంచుకుని చెవులు పెట్టి విన్నాను. ఆఖరి పావుగంటలో కూడా మనవాళ్ళు ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. అటువైపు పాటల మధ్యలో ముక్కలు ముక్కలుగా వినపడింది, కానీ వినపడింది.

గోల్ కొట్టేవాడు మాత్రం ఇంకా లేడు. కంచరపాలెం చెప్పింది కరెక్టే.

రిఫరీ_రిటైర్డ్ · 20 సెప్టెంబర్, ఉదయం 6:02

వినపడిందా. మంచిది. నా మూడు అలాగే ఉంచండి.

వరంగల్_వింగర్ · 20 సెప్టెంబర్, ఉదయం 8:47

కర్నూలు దాటాం. మోడరేటర్ అన్నా, నా సున్నా తీసేసి రెండు రాయి.

బెజవాడ_బ్యాక్ · 20 సెప్టెంబర్, ఉదయం 9:10

ముందు నా జెర్సీ ఇవ్వు.

మెహదీపట్నం_మిడ్‌ఫీల్డ్ · 20 సెప్టెంబర్, ఉదయం 10:25

డప్పు తోలు వేయించడానికి తీసుకెళ్ళా. మూడు రోజులు ఎండలో ఆరాలంటున్నాడు, ఇక్కడ చూస్తే మబ్బు. డబ్బు నేను పెట్టుకుంటా, కానీ హోం మ్యాచ్‌కి నా బండి మీద ఇది పట్టదు. మెహదీపట్నం మీదుగా కారులో ఎవరు వస్తున్నారు?

నార్త్‌స్టాండ్_లక్ష్మి · 20 సెప్టెంబర్, ఉదయం 10:31

మేము వస్తాం. వెనక సీట్లో పెట్టు, మా అమ్మాయి పట్టుకుంటుంది.